తోడుపిల్లలు: తోటివాళ్లను ఆదుకునేలా విద్యార్థులను తయారుచేయడం ఎలా

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దును ఆనుకున్న పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు ఏ హైస్కూలు వరండాలో నిలబడినా పది నిమిషాల్లో మూడు భాషలు చెవిన పడతాయి. పాఠం ఒడియాలో. ఇంటర్వెల్లో మన పిల్లల కబుర్లు తెలుగులో. కొండ ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలు చెట్టు కింద చేరి మాట్లాడుకునేది సవరలో. పాఠం ఏ భాషలో అప్పజెప్పినా, పిల్లలు కష్టం చెప్పుకునేది మాత్రం ఇంటి భాషలోనే. ఆ భాష వచ్చిన మేష్టారు బడిలో లేకపోవచ్చు. పక్క బెంచీలో కూర్చున్న పిల్లకు వస్తుంది.

ఆ పిల్లను తయారుచేయడం గురించే ఈ వ్యాసం. తోటివాళ్లు బెంగగా ఉంటే పక్కన కూర్చోవడం, చదువులో వెనకబడితే సాయపడటం, ప్రమాదం కనిపిస్తే పెద్దవాళ్ల దగ్గరికి తీసుకెళ్లడం. ఈ మూడూ నేర్పితే వచ్చే పనులే. మా బడిలో ఇలా నేర్చుకున్నవాళ్లను తోడుపిల్లలు అంటాం, ఒడియా పిల్లలు సాథీ అంటారు. మీరూ మొదలుపెట్టాలనుకుంటే ఏ వరసలో చేయాలో, మేం ఎక్కడ దెబ్బతిన్నామో చెప్తాను.

ముందు పెద్దవాళ్ల ఏర్పాటు

పిల్లలను పిలవడానికి ముందే ఇద్దరు టీచర్లు కుదరాలి. ఒకరు మేడమ్ అయితే మంచిది, ఆడపిల్లల విషయాలు మగ మేష్టారి దాకా రావు. ఇద్దరిలో ఒకరికి తెలుగు బాగా వచ్చి ఉండాలి. తోడుపిల్ల ఒక విషయం మోసుకొచ్చినప్పుడు ఆ రోజే అందుకోవడం వీళ్ల పని. అందుకునేవాళ్లు లేకుండా పిల్లలకు శిక్షణ ఇవ్వడం తప్పు. బరువంతా ఆ పసివాళ్ల మీద పడిపోతుంది.

హెడ్‌మాస్టరుగారి అనుమతి తీసుకోండి. 2020లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం కింద ప్రభుత్వ బడుల్లో ఇద్దరేసి టీచర్లకు శిక్షణ ఇవ్వాలని ఉంది. మీ బడిలో అలాంటివారుంటే ఈ పని వాళ్ల చేతి మీదుగానే జరగనివ్వండి, కొత్తగా ఎవరినీ ఒప్పించక్కర్లేదు.

తల్లిదండ్రులతో ఒక్క మీటింగ్ చాలు, కానీ అది వాళ్ల భాషలో జరగాలి. వాళ్లు అడిగేది ఒకటే: "మా పిల్ల చదువు పాడవదు కదా?" వారానికి ఒక గంట, అదీ బడి వేళల్లోనే అని చెప్పండి. పదో తరగతి పిల్లలను తీసుకోవద్దు. మెట్రిక్ టెన్షన్ వాళ్లకు చాలు. ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచే తీసుకోండి.

ఇంకొకటి, కూర్చోడానికి చోటు. నలుగురికీ కనిపించాలి, మాట మాత్రం వినిపించకూడదు. లైబ్రరీ మూల కావచ్చు, వరండా చివరి మెట్లు కావచ్చు. తలుపు వేసిన గది వద్దు.

ఎవరిని ఎంచుకోవాలి

మొదటి ఏడాది నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. క్లాసు మానిటర్లను, ఫస్టు మార్కుల పిల్లలను ఎంచుకున్నాను. రెండు నెలలు గడిచినా ఒక్కరు కూడా వాళ్ల దగ్గరికి వెళ్లలేదు. ఒకబ్బాయిని అడిగితే చెప్పాడు, "వాళ్లు బోర్డు మీద పేర్లు రాసేవాళ్లు కదా సార్." అల్లరి చేసినవాళ్ల పేర్లు రాసే చేతికి ఎవరు తమ కష్టం అప్పజెప్తారు?

తర్వాతి ఏడాది నుంచి చీటీల పద్ధతి పెట్టాం. ప్రతి పిల్లకూ ఒక చిన్న కాగితం ఇవ్వండి. "నీకు ఏదైనా బాధ కలిగితే ఈ క్లాసులో ఎవరితో చెప్పుకుంటావు? రెండు పేర్లు రాయి" అనండి. ఏ లిపిలో రాసినా పర్వాలేదు, సొంత పేరు రాయక్కర్లేదు. చీటీలు లెక్కపెడితే మీరు ఊహించని పేర్లు పైకి వస్తాయి. మాకు ఎక్కువ చీటీలు పడింది వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయికి. మార్కులు అంతంతమాత్రం. ఇంట్లో ముగ్గురు తమ్ముళ్లను సాకుతోంది.

చీటీల్లో వచ్చిన పేర్లను ఇంటి భాష ప్రకారం ఒకసారి సరిచూసుకోండి. మూడు వందల మంది ఉన్న బడికి పన్నెండు మంది సరిపోతారు. అందులో తెలుగు, ఒడియా, సవర మూడూ ఉండాలి, ఆడపిల్లలు సగమైనా ఉండాలి, హాస్టల్ నుంచి కనీసం ఇద్దరుండాలి. రాత్రిపూట బెంగ పెట్టుకునేది హాస్టల్ పిల్లలే, ఆ వేళకు మనం ఎవరమూ అక్కడ ఉండం. రాయగడ, కోరాపుట్ వైపు మీ బడి ఉంటే కువి, దేశియా మాట్లాడే పిల్లలకూ ఇదే లెక్క. ఎంపికైనవాళ్లను విడివిడిగా పిలిచి ఇష్టమేనా అని అడగండి. వద్దన్నవాళ్లను బలవంతపెట్టవద్దు.

మొదటి శనివారం: వినడం

శిక్షణకు ఆరు శనివారాలు, ఒక్కోసారి చివరి రెండు పీరియడ్లు కావాలి. అన్నిటిలో కష్టమైనది మొదటిదే. పిల్లలకే కాదు, మనకు కూడా వినడం రాదు.

ఇద్దరిద్దరిని ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చోబెట్టండి. ఎదురెదురుగా కూర్చుంటే ప్రశ్నలు అడిగే వాటం వచ్చేస్తుంది. ఒకరు మూడు నిమిషాలు ఒక చిన్న బాధ చెప్పాలి. నిజంగా జరిగిందై ఉండాలి, మరీ పెద్దదై ఉండకూడదు. రెండోవాళ్లు నోరెత్తకూడదు. తల ఊపొచ్చు, ఊఁ కొట్టొచ్చు, అంతే. గడియారం మీరు చూడండి.

మా దగ్గర మొదటి జతలో ఒకబ్బాయి గుడి దగ్గర కొత్త చెప్పులు పోగొట్టుకున్న సంగతి మొదలుపెట్టాడు. ఇరవై సెకన్లు కాలేదు, రెండోవాడు "పోన్లేరా, మళ్లీ కొంటార్లే" అనేశాడు. చెప్పేవాడు ఆగిపోయాడు. ఆపి, మళ్లీ మొదలుపెట్టించాను. ఈసారి రెండోవాడు పెదాలు బిగబట్టి కూర్చున్నాడు. చెప్పుల కథ అయిపోయాక కాసేపు మౌనం. ఆ తర్వాత మెల్లిగా అసలు మాట వచ్చింది. అవి సూరత్‌లో పనిచేసే నాన్న పండక్కి వచ్చినప్పుడు కొనిచ్చిన చెప్పులు. ఆయన వెళ్లి ఏడాదయింది. పోయాయని ఫోన్లో చెప్పలేక రోజూ అబద్ధం ఆడుతున్నాడు. గదిలో ఎవరూ కదల్లేదు. ముందే "పోన్లేరా" అనేసి ఉంటే ఈ మాట బయటికి వచ్చేదే కాదని నేను వివరించాల్సిన పని లేకపోయింది.

మూడు నిమిషాలయ్యాక విన్నవాళ్లు ఒక్క వాక్యంలో తిరిగి చెప్పాలి: "నాకు అర్థమైంది ఇదీ, సరేనా?" తప్పయితే చెప్పినవాళ్లు దిద్దుతారు. తర్వాత స్థానాలు మారండి.

ఆఖర్న బోర్డు మీద అనకూడని మాటలు పిల్లల చేతే రాయించండి. "ఇదో పెద్ద విషయమా", "ఊరుకో, ఏడవకు", "నీదే తప్పు", "నాకైతే ఇంతకంటే ఘోరం జరిగింది". వాళ్లు విన్నవే కాబట్టి లిస్టు త్వరగా పూర్తవుతుంది.

రెండు, మూడు శనివారాలు: అడగడం, మూడు భాషలు

రెండో వారం ప్రశ్నల మీద పెట్టండి. "ఎందుకు?" అనే ప్రశ్న పిల్లల నోట్లోంచి వచ్చినా పోలీసు ప్రశ్నలాగే ఉంటుంది. "ఎందుకు స్కూలుకు రాలేదు?" బదులు "నిన్న కనిపించలేదు, ఏమైంది?" అనడం అలవాటు చేయండి. "ఎప్పట్నుంచి ఇలా ఉంది?", "ఇంకెవరితోనైనా చెప్పావా?", "ఇప్పుడు నేనేం చేస్తే నీకు బాగుంటుంది?" ఈ నాలుగూ వస్తే చాలు. సలహాలు ఇవ్వడం వాళ్ల పని కాదని గట్టిగా చెప్పండి. పద్నాలుగేళ్ల పిల్ల ఇంకో పద్నాలుగేళ్ల పిల్ల ఇంటి గొడవకు దారి చూపించలేదు, చూపించాలని మనం ఆశించకూడదు.

మూడో వారం ఆ నాలుగు ప్రశ్నలనే మూడు భాషల్లో నేర్చుకోవాలి. ఒడియాలో "కణ హేలా?" అని తెలుగు పిల్లలు సులువుగానే అడుగుతారు. సవరలో అడగాలంటే సవర పిల్లలే గురువులు. ఆ వారం వాళ్లు బోర్డు దగ్గర, మిగతావాళ్లూ మనమూ బెంచీల్లో. మాట సరిగ్గా పలకలేక మనం తడబడుతుంటే వాళ్లు ఓపిగ్గా దిద్దుతారు. ఎప్పుడూ క్లాసులో నోరు విప్పని పిల్లలు ఆ రోజు విప్పడం నేను కళ్లారా చూశాను. గిడుగు రామమూర్తిగారు ఈ పర్లాకిమిడిలోనే రాజావారి బడిలో పనిచేస్తూ సవర నేర్చుకున్నారు, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించాలని పుస్తకాలు తయారుచేశారు. ఆయన పేరు చెప్పి సభలు పెట్టుకునే మనం ఆ భాషలో నాలుగు ప్రశ్నలైనా నేర్చుకోగలం.

నాలుగో శనివారం: దాచకూడనివి

ఈ వారం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తప్పించవద్దు. ఎవరైనా "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి" అంటే ఒట్టు వేయకూడదు. దానికి బదులు ఈ మాట కంఠతా పట్టించండి: "నువ్వు చెప్పింది నలుగురిలో అనను. కానీ నీకు ప్రమాదం ఉందనిపిస్తే మేడమ్‌కి చెప్తాను, నిన్ను వెంటబెట్టుకునే వెళ్తాను." వినే ముందే అనాలి. విన్న తర్వాత అంటే మోసం చేసినట్టు అనిపిస్తుంది.

ఆ రోజే పెద్దవాళ్లకు చేరాల్సినవి ఇవి: ఎవరైనా తాకకూడని చోట తాకడం, ఇంట్లోనో హాస్టల్లోనో కొట్టడం, పెళ్లి కుదిర్చారని తెలియడం, బడి మాన్పించి పనికి పంపుతున్నారనడం, "చచ్చిపోవాలనిపిస్తోంది" అనడం, ఇల్లు వదిలి పారిపోతాననడం. ఇందులో ఏది విన్నా తోడుపిల్ల లోతుగా ఆరా తీయకూడదు. వివరాలు అడగడం పెద్దవాళ్ల పని.

చచ్చిపోవాలనే మాట విన్నప్పుడు ఏం చేయాలో నటించి చూపించండి. ఆ పిల్లను ఒంటరిగా వదలకూడదు. ఒకరు పక్కనే ఉంటారు, ఇంకొకరు పరుగున వెళ్లి టీచరును పిలుస్తారు. "అలాంటి ఆలోచన ఏమైనా వస్తోందా?" అని అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని చాలామంది భయపడతారు. అలా జరగదు. నెమ్మదిగా అడిగితే గుండెలో భారం కొంత దిగుతుంది.

ఇక టీచర్లకు. లైంగిక వేధింపు విషయం మీ చెవిన పడితే ఇరువైపులవాళ్లను పిలిచి సర్దిచెప్పే అధికారం మనకు లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, తెలిసీ చెప్పకపోతే శిక్ష ఉంటుంది. పిల్లలకు మాత్రం ఆ శిక్ష వర్తించదు, తోడుపిల్లలు భయపడక్కర్లేదు. పెళ్లి విషయమైతే అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలని 2006 చట్టం చెప్తోంది. మన వైపు ఒక చిక్కుంది. సంబంధం మహేంద్రతనయ నది దాటి ఆంధ్రలోని పాతపట్నంలోనో, ఇంకా కిందికి టెక్కలి వైపో ఉంటుంది, పెళ్లి అక్కడ జరుగుతుంది. మన బ్లాకు కాదు కదా అని ఎవరూ కదలరు. ఫోన్ 1098కి చేయండి. అది దేశమంతటికీ ఒకటే నంబరు, పిల్ల ఏ రాష్ట్రంలో ఉన్నా పనిచేస్తుంది.

మూడు నంబర్లు తోడుపిల్లల డైరీ మొదటి పేజీలో ఉండాలి. పిల్లల ఆపదకు 1098. మనసు బాగోలేనప్పుడు టెలీ మానస్ 14416, ఇది 2022 అక్టోబర్ నుంచి ఉంది, ఖర్చు లేదు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. అత్యవసరానికి 112. ఒకసారి వాళ్ల ఎదుటే 14416కు ఫోన్ చేసి చూపించండి. ఎప్పుడూ చేయని నంబరుకు కష్టంలో చేయడం పెద్దవాళ్లకే చేతకాదు.

ఐదో శనివారం: చదువులో సాయం

పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పడం మనకు కొత్త కాదు. బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో, ఈ దేశపు వీధిబడుల్లో ముందున్న పిల్లలు వెనకున్నవాళ్లకు నేర్పుతూ తమ చదువు గట్టిపరుచుకుంటారని మెచ్చుకుంటూ రాశాడు. ఇంగ్లండువాళ్లు దీన్ని మననుంచే తీసుకున్నారని కూడా రాశాడు.

తోడుపిల్లలకు ఒకే నియమం: జవాబు చెప్పకూడదు, పెన్సిలు లాక్కోకూడదు. "నువ్వు ఎలా చేశావో చేసి చూపించు" అనాలి. తప్పు ఎక్కడ జరుగుతోందో అప్పుడే కనిపిస్తుంది.

ఆరో తరగతి తెలుగు పిల్లాడొకడు నోటి లెక్కలన్నీ తప్పు చేసేవాడు. రాసి ఇచ్చిన లెక్క అయితే చక్కగా చేసేవాడు. మాకు అర్థం కాలేదు. తొమ్మిదో తరగతి తోడుపిల్ల ఒకరోజు పక్కన కూర్చుని ఒడియాలో అంకెలు చెప్తూ రాయించింది. "అణతిరిశి" అనగానే వాడు 39 వేశాడు. ఒడియాలో ఆ మాటకు ముప్పైకి ఒకటి తక్కువ అని అర్థం, అంటే 29. తెలుగులో ఇరవై తొమ్మిదిలో ముందు ఇరవై వినిపిస్తుంది. వాడికి "తిరిశి" వినపడగానే చెయ్యి మూడు వేసేస్తోంది. ఆ అమ్మాయి నవ్వి "నేనూ ఇలాగే వేసేదాన్ని" అంది. పట్టీ ఒకటి గీసి 19, 29, 39, 49 ఒడియా పేర్లు తెలుగు లిపిలో రాసిచ్చింది. వారంలో కుదురుకున్నాడు. ఆ తప్పు నాకు దొరకలేదు. అదే దారిలో నడిచి వచ్చిన పిల్లకు దొరికింది. మీ తోడుపిల్లలను ముందుగా ఇదే అడగండి: నువ్వు చిన్న క్లాసులో ఉన్నప్పుడు ఒడియాలో నీకు ఏ మాట దగ్గర తికమకగా ఉండేది? వాళ్లు చెప్పేవి పుస్తకంలో రాసిపెట్టుకోండి.

ఆరో శనివారం: చూడటం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శిలో ఆపద వచ్చినవాళ్లకు తొలి ఊరట ఎలా ఇవ్వాలో మూడు మాటల్లో ఉంది: చూడు, విను, కలుపు. వినడం, పెద్దవాళ్లతో కలపడం ఇప్పటికే వచ్చాయి. మిగిలింది చూడటం.

మధ్యాహ్న భోజనం దగ్గర పది నిమిషాలు నిలబెట్టి ఏం చూశారో చెప్పమనండి. మా తోడుపిల్ల ఒకతి, గుడ్డు పెట్టే రోజు ఏడో తరగతి పాప గుడ్డు తినకుండా కాగితంలో చుట్టి గౌను జేబులో పెట్టుకోవడం చూసింది. ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులు ఊరికే ఆ పాప పక్కన కూర్చుని అన్నం తింది. మూడో రోజు పాపే చెప్పింది. అమ్మ బరంపురం ఆసుపత్రిలో ఉంది, ఇంట్లో తమ్ముడు ఉన్నాడు, గుడ్డు వాడికి. ఆ సాయంత్రమే మేడమ్ ఆ ఇంటికి వెళ్లారు. పక్కింటివాళ్లతో మాట్లాడి రాత్రి అన్నం ఏర్పాటు చేశారు.

తుఫానుల సంగతి కూడా ఈ వారమే చెప్పండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. మన గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. బడి తెరిచాక ఉరిమితే చాలు బెంచీ కిందికి దూరే పిల్లలు కనిపించారు. అలాంటప్పుడు "భయపడకు" అనడం దండగ. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోవాలి, చుట్టూ కనిపించే ఐదు వస్తువుల పేర్లు మెల్లిగా చెప్పించాలి, నీళ్లు తాగించాలి. రోజులు గడిచినా నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా టీచరుకు చెప్పాలి.

తర్వాత ఏడాది పొడవునా

పదిహేను రోజులకోసారి తోడుపిల్లలందరినీ కూర్చోబెట్టండి. పేర్లు చెప్పకుండా "ఈసారి నాకు బరువనిపించింది ఇదీ" అని ఒక్కొక్కరు చెప్తారు. ఎవరైనా నిద్ర సరిగ్గా పోవడం లేదంటే, పదేపదే ఒకే పిల్ల గురించి మాట్లాడుతుంటే, ఆ విషయం మీరు తీసుకుని వాళ్లకు నెల రోజులు సెలవివ్వండి. సాయం చేసే పిల్లకూ కష్టాలుంటాయి. చీటీల్లో మొదటి పేరు వచ్చిన ఆ అమ్మాయికి ముగ్గురు తమ్ముళ్లున్నారని చెప్పాను కదా. ఆమె ఎలా ఉందని నేను అడిగింది నాలుగు నెలల తర్వాత. అంత ఆలస్యం మీరు చేయవద్దు.

డైరీలో పేర్లు రాయనివ్వకండి. తేదీ, ఏ రకం విషయం, ఎవరికి అప్పగించారు, అంతే. డైరీ మీ బీరువాలో ఉండాలి, వాళ్ల సంచీల్లో కాదు.

మెట్రిక్ రిజల్ట్స్ వచ్చే రోజుకు ముందే ఊరివారీగా పంచుకోండి. ఏ ఊరి తోడుపిల్ల ఆ ఊరి పదో తరగతి పిల్లల ఇళ్లకు సాయంత్రంలోగా ఒకసారి వెళ్లి రావాలి. తప్పినవాళ్ల ఇంటికి ఒంటరిగా పంపకండి, టీచరు కూడా వెళ్లాలి.

వేసవి సెలవులకు ముందు చీటీలు మళ్లీ పంచండి. పదికి వెళ్లేవాళ్ల చోట్లోకి కొత్తవాళ్లు వస్తారు. మొదటి శనివారం బెంచీ మీద పక్కపక్కన, మూడు నిమిషాలు, అదే పద్ధతి. ఈసారి గడియారం పాత తోడుపిల్లల చేతికివ్వండి. మీరు వెనక బెంచీలో కూర్చోండి.